ఎర్ర త్రికోణం ఏమంటోంది?

*హైబ్రిడ్ కారు డ్యాష్‌బోర్డు మీద ఉన్నట్టుండి అరడజను లైట్లు వెలుగుతాయి. తెరమీద అంతుబట్టని సందేశాలు. గుండె గుభేలుమంటుంది... పెద్ద బ్యాటరీ పోయిందా? లక్షలు వదులుతాయా? చాలాసార్లు అసలు సంగతి వేరే!*

ఇలా ఊహించుకోండి.

జనవరి ఆఖరు. న్యూజెర్సీలో ఎముకలు కొరికే చలి. సంక్రాంతికి ఇండియా వచ్చి, నెల్లాళ్లు అత్తారింట్లోనూ పుట్టింట్లోనూ గడిపి, సూట్‌కేసుల నిండా అరిసెలూ ఆవకాయా సర్దుకుని అర్ధరాత్రి ఇల్లు చేరింది ఓ తెలుగు జంట. ఫ్రిజ్‌లో చుక్క పాలు లేవు. చంటిపాప ఏడుపు. ‘ఐదు నిమిషాల్లో వచ్చేస్తా’నంటూ ఆయన బయటికెళ్లి, నెలరోజులుగా మంచులో నిలబడివున్న ప్రియస్ కారెక్కాడు. బ్రేకు మీద కాలేసి బటన్ నొక్కాడు. డ్యాష్‌బోర్డు మీద దీపావళి! బ్రేకు గుర్తు ఎర్రగా, ఏబీఎస్ పసుప్పచ్చగా, ఇంజిను బొమ్మ, జారుతున్న కారు బొమ్మ... వాటన్నిటికీ పెద్దన్నలా మధ్యలో ఆశ్చర్యార్థకంతో ఓ ఎర్ర త్రికోణం. కారు మాత్రం అంగుళం కదల్లేదు.

‘‘ఏమైందండీ?’’

‘‘అన్నీ పోయినట్టున్నాయే!’’

బ్రేకులూ, ఇంజినూ, హైబ్రిడ్ సిస్టమూ అన్నీ ఒకేరాత్రి కలిసికట్టుగా పోతాయా? పోవు. అక్కడే ఉంది తిరకాసు.

రెండు బ్యాటరీల కథ

మామూలు కారుకు ఒకే బ్యాటరీ. హైబ్రిడ్‌కు రెండు. కారు కొన్నవాళ్లలో చాలామందికి పెద్దదాని గురించే తెలుసు. రెండోతరం ప్రియస్ (2003లో వచ్చింది) సంగతే చూద్దాం. దాని వెనకసీటు వెనకాల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఉంటుంది. 1.2 వోల్టుల చిన్న సెల్స్ ఆరింటిని కలిపి ఒక పెట్టె. అలాంటి పెట్టెలు 28. మొత్తం 168 సెల్స్, 201.6 వోల్టులు. కారును కదిలించే మోటారుకు కరెంటిచ్చేదీ, బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటును దాచిపెట్టేదీ ఇదే. హైబ్రిడ్ బ్యాటరీ అని అందరూ భయభక్తులతో చెప్పుకునేది దీన్నే.

ఇక రెండోది డిక్కీలో ఓ మూల, మూత కింద దాక్కునివుంటుంది. 12 వోల్టులది. మామూలు కార్లలో ఉండే సీసం బ్యాటరీకి తమ్ముడు. మామూలు కార్లో బ్యాటరీ బలంగా సెల్ఫ్ మోటారును తిప్పాలి. అది నీరసిస్తే తాళం తిప్పినప్పుడు ‘గుర్ర్...గుర్ర్’మంటూ చెప్పకనే చెబుతుంది. మన తాతల కాలం నుంచీ ఆ శబ్దం వినగానే ‘బ్యాటరీ డౌన్’ అనేస్తాం. హైబ్రిడ్‌లో ఆ సెల్ఫ్ మోటారే లేదు. ఇంజిన్ను స్టార్ట్ చేసే పని పెద్ద బ్యాటరీ, దాని మోటారు చూసుకుంటాయి. మరి చిన్న బ్యాటరీ ఏం చేస్తుంది? కారులోని కంప్యూటర్లను నిద్రలేపుతుంది. అవి లేచి అంతా సవ్యంగా ఉందని నిర్ధారించుకున్నాక, పెద్ద బ్యాటరీ దగ్గరున్న రిలేలను కలుపుతాయి. బటన్ నొక్కగానే వెనకాల ‘టక్’మని వినిపించేది అదే. ఆ తర్వాతే డ్యాష్‌బోర్డు మీద ‘రెడీ’ అనే అక్షరాలు వెలుగుతాయి.

కాబట్టి 201 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నా, 12 వోల్టులది చచ్చిపోతే కారు కదలదు. లాకరు నిండా బంగారముంది, తాళంచెవే కనిపించట్లేదు. అలా ఉంటుంది పరిస్థితి.

హాజరు పలకని పిల్లలు

చిన్న బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే నయమే. బటన్ నొక్కితే ఏదీ వెలగదు, సంగతి తెలిసిపోతుంది. చిక్కంతా అది కొన ఊపిరితో ఉన్నప్పుడే. హైబ్రిడ్ కారులో బ్రేకులకో కంప్యూటరు, స్టీరింగ్‌కో కంప్యూటరు, ఇంజినుకొకటి, పెద్ద బ్యాటరీని కనిపెట్టుకుని ఉండేందుకు ఒకటి... ఇలా ఎన్నో ఉంటాయి. బటన్ నొక్కగానే ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. బళ్లో పంతులుగారు హాజరు పిలిచినట్టే. ఆ క్షణంలో వోల్టేజీ పడిపోతే కొన్ని లేస్తాయి, కొన్ని సగం నిద్రలోనే ఉంటాయి. లేచినవి ‘బ్రేకుల కంప్యూటరు పలకట్లేదు’, ‘స్టీరింగ్ జవాబివ్వట్లేదు’ అని ఫిర్యాదులు నమోదుచేస్తాయి. ప్రతి ఫిర్యాదుకూ ఓ లైటు. చూసేవాళ్లకు మాత్రం బ్రేకులూ స్టీరింగూ నిజంగానే పాడైనట్టు కనిపిస్తుంది!

అందుకే, కారు చాన్నాళ్లు నిలబడి ఉన్నాక ఒక్కసారిగా సంబంధం లేని లైట్లన్నీ వెలిగితే ముందు అనుమానించాల్సింది 12 వోల్టుల బ్యాటరీనే. అనుభవమున్న మెకానిక్కులు మల్టీమీటరుతో మొదట చూసేదీ దాన్నే. నిండుగా ఛార్జయి విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపించాలి. 12 కన్నా తగ్గిందంటే దాదాపు ఖాళీ అయినట్టే.

ఎందుకు ఖాళీ అవుతుంది? కారు ఆగివున్నా కొన్ని పనులు జరుగుతూనే ఉంటాయి. తాళంచెవి దగ్గరకొస్తోందేమోనని కారు ఓ చెవి అటే పడేసి ఉంచుతుంది. దొంగల అలారం మేలుకొనే ఉంటుంది. ఇవన్నీ చిన్న బ్యాటరీ మీదే. నెలా రెండు నెలలు కదపకపోతే కొత్తదైనా నీరసపడుతుంది. 2020 లాక్‌డౌన్‌లో ఇళ్లముందు నిలిచిపోయిన కార్లు ఎన్ని మొరాయించాయో గుర్తుంది కదా!

మనవాళ్లు తెలియక చేసే పొరపాటు ఇంకోటుంది. పిల్లల్ని బడి నుంచి తీసుకురావడానికి వెళ్లి, గేటు ముందు కారాపి, బ్రేకు మీద కాలు పెట్టకుండా బటన్ నొక్కి పాటలు వింటూ కూర్చుంటారు. అప్పుడు లైట్లు వెలుగుతాయి, పాటలొస్తాయి. కానీ ‘రెడీ’ రాదు. అది రానంతసేపూ చిన్న బ్యాటరీకి ఛార్జింగు లేనట్టే. హైబ్రిడ్‌లో మామూలు కార్లలా ఆల్టర్నేటరు ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచే చిన్నదానికి కరెంటు తగ్గించి పంపిస్తారు. రిలేలు కలవందే అదీ జరగదు. కారులో కూర్చుని పాటలు వినాలనుకుంటే ‘రెడీ’లోనే ఉంచి, పార్కింగ్ గేరులో వినాలి. ఇంజిను అవసరమైనప్పుడు అదే ఆన్ అయి అదే ఆగిపోతుంది.

తాబేలు బొమ్మ

హైబ్రిడ్ల సందేశాలు మొదట్నుంచీ కాస్త చిత్రమైనవే. ప్రపంచంలో పెద్దయెత్తున తయారైన మొదటి హైబ్రిడ్ కారు ప్రియస్ 1997 డిసెంబరులో జపాన్‌లో విడుదలైంది. 2000లో అమెరికాకు వచ్చింది. ఆ మొదటితరం కారులో ఓ తాబేలు బొమ్మ ఉండేది! బ్యాటరీ బాగా తగ్గిపోయి, కారు ఇక పూర్తి బలంతో పరుగెత్తలేనప్పుడు ఆ బొమ్మ వెలిగేది. ‘ఇక తాబేలు నడకే’ అని చెప్పడం కంపెనీవారి ఉద్దేశం. హైవే మీద పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే తాబేలును చూసి నవ్వాలో ఏడవాలో తెలీని పరిస్థితి డ్రైవరుది.

రెండోతరంలో తాబేలు పోయి పెద్ద తెర వచ్చింది. సమస్య వస్తే తెరమీద ‘ప్రాబ్లమ్’ అని పడేది. ఆ సంగతి లైటు చూస్తేనే తెలుస్తోంది కదా! ఏ ప్రాబ్లమో చెప్పడానికి కింద చిన్న బొమ్మ. ఆ బొమ్మ అర్థం తెలియాలంటే గ్లవ్‌బాక్సులో ఉన్న దిండంత పుస్తకం తిరగెయ్యాలి. కొత్త కార్లలో వాక్యాలే వస్తున్నాయి. ‘చెక్ హైబ్రిడ్ సిస్టమ్... స్టాప్ ద వెహికల్ ఇన్ ఎ సేఫ్ ప్లేస్’ అంటుంది. అంటే కారు మొత్తాన్నీ తనిఖీ చేయమన్నట్టే. డాక్టరు దగ్గరికెళ్తే ‘నీకు ఒంట్లో బాలేదు’ అని చెప్పి పంపేసినట్టుంటుంది.

నిజానికి కారుకు ఇంతకన్నా ఎక్కువే తెలుసు. ఆ తెలిసింది కోడ్ రూపంలో లోపల రాసిపెట్టుకుంటుంది. అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లకూ ఈ పద్ధతి తప్పనిసరి చేశారు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్టుకు స్కానర్ తగిలిస్తే కోడ్ బయటికొస్తుంది. ‘పీ0ఏ93’ అంటే ఇన్వర్టరు చల్లబడే ఏర్పాటు సరిగా పనిచెయ్యట్లేదని. ‘పీ0ఏఏ6’ అంటే ఎక్కువ వోల్టేజీ కరెంటు ఎక్కడో కారు బాడీ వైపు లీకవుతోందని. ఇక అందర్నీ హడలెత్తించేది ‘పీ0ఏ80’. దాని అధికారిక అర్థమే ‘హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చండి’!

రోడ్డు పక్కన దొరికే చవక స్కానర్లతో ఓ ఇబ్బంది ఉంది. అవి చాలావరకూ ఇంజిను కంప్యూటరుతో మాత్రమే మాట్లాడతాయి. హైబ్రిడ్, బ్రేకు కంప్యూటర్లలో ఏముందో చూడలేవు. ‘కోడ్ ఏమీ లేదు సార్, లైటు ఆర్పేశాం’ అని పంపిస్తారు. నాలుగు రోజుల్లో మళ్లీ లైటు! పైగా, కోడ్ చెరిపేస్తే దాంతోపాటు దాచివున్న వివరాలు... ఆ క్షణంలో కారు ఎంత వేగంతో ఉంది, ఎంత వేడిగా ఉంది అన్నవీ పోతాయి. రోగికి జ్వరం తగ్గిందని పరీక్షల కాగితాలు చించెయ్యడమే అది. ‘ముందు కోడ్ రాసివ్వండి, తర్వాతే చెరపండి’ అని అడగడం కారు యజమాని హక్కు. ఆ ఒక్క చీటీ తర్వాత ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

మార్చమంటే మార్చెయ్యడమేనా?

పీ0ఏ80 వచ్చిందంటే పెద్ద బ్యాటరీ మార్చక తప్పదా? ఆ కోడ్ ఎలా పుడుతుందో తెలిస్తే సగం భయం తగ్గుతుంది. రెండోతరం ప్రియస్‌లో 28 పెట్టెల్నీ రెండేసి చొప్పున 14 జతలుగా చూస్తుంది కంప్యూటరు. అన్ని జతల వోల్టేజీ దాదాపు సమానంగా ఉండాలి. ఒక జత మిగతావాటికన్నా పదేపదే వెనకబడుతుంటే, ‘బ్యాటరీ పోయింది’ అని తీర్పు చెప్పేస్తుంది. చాలాసార్లు ఆ తీర్పు నిజమే. పదిపన్నెండేళ్లు తిరిగిన కారులో సెల్స్ ముసలివవుతాయి. కానీ పెట్టెల్ని కలిపే రాగి పట్టీలకు చిలుము పట్టినా వోల్టేజీ తప్పుగా కనిపించవచ్చు. దానికి కావల్సింది శుభ్రం చేయడం, కొత్త పట్టీలు.

ఇంకో శత్రువు దుమ్ము. పెద్ద బ్యాటరీ చల్లగా ఉండాలి. కారులోపలి గాలినే ఓ ఫ్యాను పీల్చి దాని మీదికి పంపుతుంది. ఆ గాలి వెళ్లే జాలీ వెనకసీటు పక్కనో, కిందో ఉంటుంది. దాని మీద దుప్పటి కప్పేసినా, సంచులు అడ్డం పెట్టినా, కుక్క వెంట్రుకలూ దుమ్మూ పేరుకున్నా గాలాడదు. బ్యాటరీ ఉక్కిరిబిక్కిరవుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. మేలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండ నలభై దాటినప్పుడు ఆ జాలీ ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా! మీ కారులో అదెక్కడుందో పుస్తకంలో చూసి, అప్పుడప్పుడూ వ్యాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేస్తే చాలు. పైసా ఖర్చులేదు.

బ్యాటరీ నిజంగానే పోయినా ముందు వారంటీ కాగితం వెతకాలి. అమెరికాలో హైబ్రిడ్ బ్యాటరీలకు కనీసం ఎనిమిదేళ్లు లేదా లక్ష మైళ్ల హామీ మామూలే. కాలిఫోర్నియాలాంటి చోట్ల ఇంకా ఎక్కువ. మన దగ్గర కూడా హైబ్రిడ్ బ్యాటరీకి కారు వారంటీకన్నా ఎక్కువ కాలం హామీ ఉంటుంది. ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లన్నది కొనేటప్పుడే రాసుకోవాలి. వారంటీ అయిపోయాక ‘పాడైన పెట్టె ఒక్కటే మారుస్తాం, చవకలో అయిపోతుంది’ అనేవాళ్లుంటారు. పాత పళ్ల మధ్య ఒక్క కొత్త పన్ను పెట్టినట్టు! మిగతా 27 కూడా అంతే ముసలివి కదా. కొన్ని నెలలకు పక్కది పోతుంది. కారు అమ్మేసేవాళ్లకైతే సరే, వాడుకునేవాళ్లకు అది పొదుపు కాదు.

కారుదే తప్పయినప్పుడు

ప్రతిసారీ తప్పు చిన్న బ్యాటరీదో, దుమ్ముదో అనుకోవడానికీ లేదు. 2005లో కొందరు ప్రియస్ యజమానులు నడుస్తున్న కారులో హఠాత్తుగా లైట్లన్నీ వెలిగి, పెట్రోలు ఇంజిను ఆగిపోతోందని ఫిర్యాదు చేశారు. అమెరికా రహదారి భద్రత సంస్థ విచారణ మొదలుపెట్టింది. లోపం ఇనుములో లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఉందని తేలింది. ఆ ఏడాది అక్టోబరులో అమెరికాలో సుమారు 75,000 కార్ల (2004, 2005 మోడళ్లు) సాఫ్ట్‌వేర్ సరిచేస్తామని టొయోటా ప్రకటించింది. కారుకు కూడా కంప్యూటర్‌లాగే ‘అప్‌డేట్’ అవసరమవుతుందని చాలామందికి తెలిసింది అప్పుడే.

ఇన్వర్టరును చల్లబరిచే చిన్న కూలెంట్ పంపు మొరాయించవచ్చని 2012 నవంబరులో దాదాపు 6,30,000 హైబ్రిడ్లను వెనక్కి పిలిచారు. 2014 ఫిబ్రవరిలో ఏకంగా 19 లక్షల మూడోతరం ప్రియస్‌లు! వాటి ఇన్వర్టరులో ట్రాన్సిస్టర్లు వేడికి దెబ్బతినే అవకాశం ఉంది. అలా జరిగితే హెచ్చరిక లైట్లు వెలిగి, కారు ‘ఫెయిల్‌సేఫ్’లోకి వెళ్తుంది. అంటే బలం తగ్గించుకుని, మనల్ని రోడ్డు పక్కకో ఇంటికో చేర్చేంత మాత్రం నడుస్తుంది. అరుదుగా పూర్తిగానే ఆగిపోవచ్చు. 2018 అక్టోబరులో మరో 24 లక్షల కార్లను పిలవాల్సివచ్చింది. కొన్ని సందర్భాల్లో ఆ ఫెయిల్‌సేఫ్‌లోకే వెళ్లకుండా కారు బలం కోల్పోవచ్చన్నది కారణం. అంతకుముందు పిలిచినవాటిలో ఉన్న కార్లే మళ్లీ!

అందుకే ఎర్ర త్రికోణాన్ని ‘ఏముందిలే, బ్యాటరీయే అయ్యుంటుంది’ అని కొట్టిపారెయ్యకూడదు. ముఖ్యంగా నడుస్తున్న కారులో వెలిగినప్పుడు. రెండు గుర్తులు చాలు. ఆగివున్న కారు తీయబోతుంటే లైట్లన్నీ వెలిగాయా... చిన్న బ్యాటరీ మీద అనుమానం. పరుగెడుతుండగా వెలిగిందా... పక్కకు తీసి ఆపాల్సిందే. ఆపేముందు త్రికోణంతోపాటు ఇంకే లైటు వెలిగిందో చూడాలి. త్రికోణం తనంతట తాను ఏమీ చెప్పదు, ‘పక్కన చూడు’ అంటుందంతే. సెల్‌ఫోన్‌తో డ్యాష్‌బోర్డును ఓ ఫొటో తీసుకుంటే (కారు ఆపాకే!) మెకానిక్కుకు సగం పని తప్పుతుంది. ఎరుపైతే వెంటనే ఆపమని, పసుపైతే త్వరలో చూపించమని, ఆకుపచ్చా నీలం అయితే ఏదో పనిచేస్తోందని... ఈ రంగుల భాష ఏ కంపెనీ కారైనా దాదాపు ఒకటే. పసుపే అయినా ఇంజిను బొమ్మ మినుకుమినుకుమంటుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇంజిన్‌లో పెట్రోలు సరిగా మండకుండా బయటికొస్తోందని దానర్థం. అలాగే తోలితే పొగగొట్టంలోని ఖరీదైన కన్వర్టరు మాడిపోతుంది.

మన రోడ్ల మీద...

మనదేశంలోకి హైబ్రిడ్లు కొత్తగా వచ్చినవేం కాదు. హోండా సివిక్ హైబ్రిడ్ 2008లోనే వచ్చింది. ప్రియస్ 2010లో వచ్చింది. ధర చూసి దణ్ణంపెట్టినవాళ్లే ఎక్కువ. మధ్యతరగతి ఇళ్లముందు హైబ్రిడ్లు కనిపించడం 2022 తర్వాతే. హోండా సిటీ, టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్... అన్నీ ఆ ఏడాది వచ్చినవే. అంటే న్యూజెర్సీలో తెలుగువాళ్లు ఇరవయ్యేళ్ల కిందట పడిన కంగారు ఇప్పుడు గుంటూరుకూ వరంగల్‌కూ వచ్చిందన్నమాట.

మనకు ప్రత్యేకంగా పనికొచ్చే జాగ్రత్తలు రెండున్నాయి. మొదటిది పెట్రోలు. ‘రిజర్వులో పడింది, ఇంకో ముప్పై కిలోమీటర్లు వస్తుందిలే’ అనే ధీమా మనకు అలవాటు. హైబ్రిడ్‌లో పెట్రోలు అయిపోయినా బ్యాటరీ మీద కాస్తదూరం నడుస్తుంది. ‘భలే ఉందే’ అనుకుంటూ అలాగే పోనిస్తే త్రికోణం వెలిగి ఆగిపోతుంది. పెద్ద బ్యాటరీని అలా చివరిదాకా పిండేస్తే, పెట్రోలు పోసినా ఇంజిన్ను తిప్పే బలం దానికుండదు. పక్క కారు నుంచి కేబుళ్లు వేస్తే చిన్న బ్యాటరీ లేస్తుందేమోగానీ పెద్దది లేవదు. లారీ ఎక్కించాల్సిందే.

రెండోది నీళ్లు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో కార్లు ఎలా మునిగాయో చూశాం. మునిగిన హైబ్రిడ్‌ను ‘స్టార్టవుతుందేమో చూద్దాం’ అని బటన్ నొక్కకూడదు. హైబ్రిడ్‌లో ఎక్కువ వోల్టేజీ తీగలు కారు బాడీకి ఎక్కడా తగలకుండా ఉంటాయి. ఇంట్లో తడి ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్ కొట్టినట్టు, ఆ కరెంటు బాడీలోకి రాకుండా కారు అనుక్షణం కొలుచుకుంటూ ఉంటుంది. లీకు కనిపిస్తే రిలేలు కలవనివ్వదు. పీ0ఏఏ6 అదే. ఆ కోడ్ వచ్చిన కారును సొంత ప్రయోగాలకు వాడుకోవద్దు. బానెట్ కింద నారింజరంగు తొడుగున్న తీగలు కనిపిస్తాయి. ఆ రంగు పెట్టిందే ముట్టుకోవద్దని చెప్పడానికి. శిక్షణ పొందిన మెకానిక్కులు కూడా సర్వీస్ ప్లగ్గు పీకి, కొన్ని నిమిషాలు ఆగి, రబ్బరు గ్లవ్స్ వేసుకునిగానీ వాటి జోలికి వెళ్లరు.

12 వోల్టుల దగ్గర ఆ ప్రమాదం లేదు. కానీ కేబుళ్లు వేసేటప్పుడు ప్లస్సూ మైనస్సూ తారుమారైతే ఖరీదైన ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. పుస్తకంలో చెప్పిన చోటే, చెప్పిన వరసలోనే తగిలించాలి. చాలా కార్లలో ఇందుకోసం బానెట్ కిందే ఓ పాయింటు ఇస్తారు, బ్యాటరీ డిక్కీలో ఉన్నా సరే.

ఇంతకీ న్యూజెర్సీ ప్రియస్ ఏమైందో చూద్దాం. రెండిళ్ల అవతలుండే మిత్రుడు నిద్రకళ్లతో వచ్చాడు. బానెట్ ఎత్తి, ఫ్యూజుల పెట్టెలోని ఎర్రమూత తీసి కేబుళ్లు తగిలించాడు. వెనకాల ‘టక్’మంది. ‘రెడీ’ వచ్చింది. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి, త్రికోణంతో సహా. మర్నాడు కొత్త చిన్న బ్యాటరీ పడింది. సాయంత్రం ఆ మిత్రుడింటికి ఓ ఆవకాయ జాడీ పట్టుకెళ్దామని ఆయన బయల్దేరాడు. రెండడుగులు పోనిచ్చాడో లేదో డ్యాష్‌బోర్డు మీద మళ్లీ ఎర్రలైటు! కంగారుగా బ్రేకేసి వంగి చూశాడు. సీటుబెల్టు బొమ్మ. పక్కసీట్లో ఐదు కిలోల జాడీ నిటారుగా కూర్చునివుంది. దాన్ని మనిషనుకుంది కారు.

ఆయన బెల్టు లాగి జాడీకి పెట్టాడు.